చల్లగానే ఉంది, ఉక్క మాత్రం పోవట్లేదు: విశాఖలో ఓ ఆఫీసు భవనం ఏసీ కథ

2023 మే రెండో వారంలో ఫెసిలిటీ మేనేజరు ఫోన్ చేశారు. “సార్, రూము చల్లగానే ఉంది, ఉక్క మాత్రం పోవట్లేదు. నాలుగో ఫ్లోర్లో సీలింగ్ గ్రిల్లుల నుంచి చుక్కలు కారి కీబోర్డుల మీద పడుతున్నాయి. రెండో చిల్లరేమో మధ్యాహ్నం మూడింటికి ట్రిప్ అవుతోంది. ఓనరు గారు మూడో చిల్లర్ కొందామంటున్నారు.”

భవనం బీచ్ రోడ్డుకి రెండు వీధులు లోపల ఉంటుంది. గ్రౌండ్ కాకుండా ఆరు అంతస్తులు, ఎనభై అయిదు వేల చదరపు అడుగుల పైన. రెండు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, ఒక బ్యాంకు, అయిదో అంతస్తులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్. నీటిని చల్లబరిచే 150 టన్నుల వాటర్ కూల్డ్ స్క్రూ చిల్లర్లు రెండు (టన్ను ఇక్కడ బరువు కాదు, చల్లదనానికి కొలత), వాటి వేడిని గాలిలోకి వదిలే కూలింగ్ టవర్లు రెండు మేడ మీద, అంతస్తుకో ఏహెచ్‌యూ, అంటే చల్లని నీళ్లు తిరిగే కాయిల్ మీదుగా ఫ్యాన్‌తో గాలి తోసే పెట్టె. అంతకుముందు నవంబరులోనే ఆ భవనం ఏసీల ఏడాది నిర్వహణ కాంట్రాక్టు (ఏఎంసీ) నా చేతికి వచ్చింది. అంటే ఈ కథలో తప్పు ఎవరిదని వెతుక్కుంటూ పోతే చివరికి నా గుమ్మం ముందే ఆగుతుంది.

మొదటిరోజు ప్లాంట్ రూములోకి వెళ్లగానే నా కన్ను చిల్లర్‌లోని గ్యాస్ తన వేడిని నీటికి ఇచ్చే కండెన్సర్ మీద పడింది. టవరు నుంచి నీళ్లు 33 డిగ్రీలకి వస్తున్నాయి, కండెన్సర్ నుంచి 40కి పోతున్నాయి. అయిదు డిగ్రీలు పెరగాల్సిన చోట ఏడు పెరుగుతోందంటే నీటి ప్రవాహం తగ్గిందన్నమాట. పైపులో నీటిని వడపోసే స్ట్రెయినర్ విప్పితే గుప్పెళ్లకొద్దీ పాచి, టవరులో నీటిని పలచగా పరిచే ఫిల్ పలకల ముక్కలు వచ్చాయి. అంతకన్నా పెద్ద సంగతి అప్రోచ్ దగ్గర కనబడింది. గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రతకీ, బయటికి పోయే నీటి ఉష్ణోగ్రతకీ ఉండే తేడానే అప్రోచ్ అంటాం. ట్యూబులు శుభ్రంగా ఉంటే అది రెండు డిగ్రీలు దాటదు. ఇక్కడ ఏడు ఉంది. కండెన్సింగ్ ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ రెండు మూడు శాతం కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ లెక్కన అయిదు డిగ్రీలకి ఎంతవుతుందో వేసి ఓనరు గారికి కాగితం మీద చూపించాను.

ఆ శనివారం రాత్రి ఎండ్ కవర్ తీశాం. ట్యూబుల లోపల తెల్లగా సున్నపు గార పట్టి ఉంది, వేలిగోటితో గీకినా రాలనంత గట్టిగా. ఇలాంటప్పుడు నైలాన్ బ్రష్ ఒక్కటే చాలదు. ఇనుప బ్రష్ వాడితే రాగి ట్యూబు మీద గీతలు పడి, తర్వాత అక్కడే చిల్లులు పడతాయి. అందుకని లోహాన్ని తినకుండా కాపాడే ఇన్‌హిబిటర్ కలిపిన పలుచని సల్ఫామిక్ యాసిడ్‌ని చిన్న పంపుతో తిప్పాం. నురగ ఆగి, పీహెచ్ ఇక పెరగకుండా నిలబడేదాకా ఆగి, సోడా యాష్‌తో తటస్థం చేసి, మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్రష్ కొట్టాం. రెండు మిషన్లకీ కలిపి రెండు రాత్రులు పట్టింది. సోమవారం అప్రోచ్ రెండు డిగ్రీలకి దిగింది, ట్రిప్ ఆగింది. బిల్లు పంపించి నేను సంతోషించాను.

పది రోజులకి మళ్లీ ఫోన్. “ట్రిప్ అవట్లేదు సార్. ఉక్క మాత్రం అలాగే ఉంది.”

ఈసారి ప్లాంట్ రూముకి వెళ్లకుండా ముందు నాలుగో అంతస్తులో కూర్చున్నాను. గోడ మీద థర్మోస్టాట్ ఎవరో 20కి తోసి పెట్టారు. గదిలో ఉన్నది మాత్రం 24. మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల డిఫాల్టుతోనే రావాలని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ నిబంధన ఉంది. అంటే 24 దగ్గర మనిషి హాయిగా ఉండొచ్చు. కానీ గదిలో తేమ 68 శాతం ఉంటే 24లో కూడా చొక్కా కాలరు తడుస్తుంది. ఆ గాలికి డ్యూ పాయింట్, అంటే అందులో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, పద్దెనిమిదికి కాస్త తక్కువ. గ్రిల్లు నుంచి వచ్చే గాలి పదిహేనున్నర. పద్దెనిమిది డిగ్రీల దగ్గర నీరుగా మారే గాలికి పదిహేనున్నర డిగ్రీల లోహం తగిలితే అది చెమర్చక మానుతుందా? కీబోర్డు మీద పడ్డ చుక్క పైపు లీకేజీ కాదు, గదిలో గాలిదే.

అప్పుడు చిల్లర్ ప్యానెల్ దగ్గరికి వెళ్లాను. మోటార్ కరెంటు ఫుల్ లోడులో డెబ్భై రెండు శాతం. ఇది మొదటిరోజే చూడాల్సింది. చల్లదనం చాలని భవనంలో చిల్లర్లు గుడ్లు తేలేసి వంద శాతం మీద నడవాలి. ఇవి మాత్రం తీరిగ్గా నడుస్తున్నాయి. చిల్డ్ వాటర్ సెట్‌పాయింట్, అంటే నీళ్లు ఎంతకి చల్లబడాలని మిషన్‌కి పెట్టిన అంకె, 10. బయటికొచ్చే నీళ్లూ 10. మిషన్ దృష్టిలో దాని పని అయిపోయింది, ప్యానెల్ మీద అన్నీ పచ్చ లైట్లే. కాయిల్‌ని మాత్రం ఏడు డిగ్రీల నీటికి డిజైన్ చేశారు. ఏడుకి బదులు పది ఇస్తే గాలిని చల్లబరుస్తుంది గానీ, అందులో నీటిని పిండలేదు.

ఆపరేటరు శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. ఈ పదికి ఎవరు పెట్టారని కొంచెం గట్టిగానే అడిగాను. ఆయన లాగ్‌బుక్ తీసి డిసెంబరు పేజీ నా ముందు పెట్టాడు. నా చేతిరాతే. “చలికాలం సెట్‌పాయింట్ 10. ఉదయం పూట ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్లు పూర్తిగా తెరవాలి.” కింద నా సంతకం.

“సలికాలం పదికి ఎట్టమన్నారు, ఎట్టీసాం. మల్లీ తగ్గించమని ఎవులు సెప్పారు సార్?”

నా దగ్గర జవాబు లేదు.

డిసెంబరులో ఆ రెండు మాటలూ సరైనవే. విశాఖలో చలికాలం అంటే రాత్రి పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు, పగలు పొడి గాలి. అప్పుడు నీటిని ఏడుకి దించడం దండగ, పది చాలు. పొద్దున్నే బయటి చల్లగాలిని ఊరికే లోపలికి తెచ్చుకోవచ్చు, కరెంటు మిగులుతుంది. ఆ మార్పులు వెనక్కి తిప్పే తేదీ మాత్రం నేను రాయలేదు. మార్చిలో నా మనుషులు వచ్చి ఫిల్టర్లు కడిగారు, బెల్టులు బిగించారు, గ్రీజు కొట్టారు, చెక్‌లిస్టు మీద అన్నిటికీ టిక్కు పెట్టి వెళ్లారు. ఆ చెక్‌లిస్టులో “గత సీజన్లో మార్చినవి ఏమిటి?” అనే గడి లేదు. అది నేను హైదరాబాదులో పనిచేసిన రోజుల నుంచి మోసుకొచ్చిన కాగితం.

హైదరాబాదుకీ ఇక్కడికీ ఎంత తేడా ఉందో ఓనరు గారికి చెప్పిన లెక్క ఇది. మే నెలలో అక్కడ గాలి 40 డిగ్రీలు, తేమ ఇరవై శాతం చుట్టూ. అంటే కిలో గాలిలో పది గ్రాములలోపు నీరు. విశాఖలో 32 డిగ్రీలు, 75 శాతం అనుకుందాం. కిలో గాలిలో దాదాపు ఇరవై మూడు గ్రాములు. థర్మామీటరు చూస్తే మన ఊరే చల్లన. చిల్లర్‌ని అడిగితే వేరేలా చెబుతుంది. బయటి గాలి వెయ్యి సీఎఫ్ఎం (నిమిషానికి వెయ్యి ఘనపుటడుగులు) లోపలికి వస్తే పిండాల్సిన నీరు గంటకి పాతిక లీటర్లు దాంతో వస్తుంది. ఆ నీటిని పిండటానికే అయిదు టన్నులు కావాలి, గాలిని చల్లబరచడానికి అయ్యేది వేరే.

ఇక ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్లు, అంటే బయటి గాలిని లోపలికి వదిలే రేకులు. డిసెంబరులో పూర్తిగా తెరిచినవాటిలో నాలుగు అలాగే ఉండిపోయాయి. మూసే ఆదేశం బీఎంఎస్ (భవనం మిషన్లని నడిపే కంప్యూటర్) పంపుతూనే ఉంది, స్క్రీన్ మీద “20 శాతం” అని కనబడుతూనే ఉంది. కానీ ఉప్పుగాలికి లింకేజీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రేకుని తిప్పాల్సిన మోటారు, అంటే యాక్చువేటర్, దాని పాటికి అది తిరుగుతోంది, రేకు మాత్రం కదలట్లేదు. స్క్రీన్ చూపేది యాక్చువేటర్ ఎంత తిరిగిందో, అంతే. గాలి వేగం కొలిచే యానిమోమీటరు పట్టుకుని ఒక్కో అంతస్తూ కొలిస్తే నాలుగింట్లో కలిపి డిజైన్ కంటే అయిదు వేల సీఎఫ్ఎం ఎక్కువ వస్తోంది. అంటే గంటకి నూట పాతిక లీటర్ల నీటిని మేమే పిలిచి లోపలికి తెచ్చుకుంటున్నాం. ఆ గాలిని చల్లబరచడం కూడా కలిపితే మొత్తం ముప్పై టన్నుల భారం. మూడో చిల్లర్ కొనుంటే అది చేసే మొదటి పని ఈ ముప్పై టన్నులు మోయడమే అయ్యేది.

సెట్‌పాయింట్ ఒక్కసారిగా ఏడుకి దించలేదు. రోజుకొక డిగ్రీ చొప్పున మూడు రోజులు తీసుకున్నాం. అప్పటికే గదిలో తేమ ఎక్కువగా ఉంది. ఒకేసారి దించితే గ్రిల్లులు ఇంకా చల్లబడి చెమర్చడం రెట్టింపవుతుంది. ముందు డ్యాంపర్లు విప్పి, చేత్తో మూసి, తర్వాత నీళ్లు చల్లబరిచాం. నాలుగో రోజుకి తేమ 60కి, వారానికి 55కి వచ్చింది. 20లో ఉన్న థర్మోస్టాట్లని జనమే 24కి మార్చుకున్నారు, మేం చెప్పకుండానే.

ఇంతదాకా జరిగింది వైద్యం. అసలు సన్నాహం 2024లో మొదలుపెట్టాం.

మార్చిలో చేయాల్సిన పనిని జనవరికి జరిపాను. సంక్రాంతికి భవనం సగం ఖాళీ అవుతుంది, భోగి నుంచి కనుమ దాకా ఒక చిల్లరే చాలు, రెండోది విప్పుకోవచ్చు అని నా లెక్క. ఆ మాట అనగానే మా కుర్రాళ్ల మొహాలు మాడిపోయాయి. వాళ్లూ విజయనగరం, సాలూరు, టెక్కలి వెళ్లాలి కదా. పండగ పూట ప్లాంట్ రూములో కూర్చోబెడితే మనసు ట్యూబుల మీద ఉండదు. ముక్కనుమ వెళ్లాక వచ్చే రెండు వారాంతాలు పెట్టుకున్నాం. అప్పటికీ లోడు తక్కువే.

ఈ పనుల్లో ఎక్కువ సమయం నీటికే పోయింది. ట్యూబుల్లో అంత గార ఎందుకు పట్టిందని వెనక్కి వెళితే సంగతి ఇదీ. ఎండాకాలం మున్సిపల్ నీళ్లు చాలక ట్యాంకర్లు తెప్పిస్తారు. ట్యాంకరులో వచ్చేది బోరు నీరు. ఒక్కో చిల్లర్ పూర్తి లోడులో ఉంటే దాని టవరు గంటకి దాదాపు తొమ్మిది వందల లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరయ్యేది నీరే, అందులోని సున్నం, ఉప్పు టవరులోనే చిక్కబడతాయి. అందుకని కొంత నీటిని బ్లోడౌన్‌గా వదిలేయాలి. మూడు సైకిళ్ల మీద, అంటే లవణాలు మూడింతలు చిక్కబడేదాకా, నడిపితే ఆవిరిలో సగం, అంటే గంటకి నాలుగు వందల యాభై లీటర్లు, కాలువలోకి పోవాలి. డబ్బులు పెట్టి తెప్పించిన ట్యాంకరు నీళ్లు కాలువలోకి వదలడానికి ఏ ఆపరేటరుకి చేతులొస్తాయి? బ్లోడౌన్ వాల్వు మూసేశాడు. ఆయన మంచికే చేశాడు. రోజుకి ఒక ట్యాంకరు మిగిలింది, దానికి ఎన్నో రెట్లు కరెంటు బిల్లులో పోయింది. నీటిలో సున్నం తీసే సాఫ్ట్‌నర్‌కి ఉప్పుతో రీజనరేషన్ (లోపలి రెజిన్ గుళికలకి మళ్లీ సత్తువ తేవడం) చేయడం ఎప్పుడో మానేశారు, లోపలి రెజిన్ పనిచేయట్లేదు. రెజిన్ మార్పించి, నీటిలో కరిగిన లవణాలు (టీడీఎస్) కొలిచి తనంతట తానే తెరుచుకునే బ్లోడౌన్ వాల్వు పెట్టించాను. మనిషి మనసుకి పరీక్ష పెట్టే పనిని మనిషి చేతిలో ఉంచకూడదు.

టవరు బేసిన్ ఖాళీ చేసి బురద తీశాం, ఫిల్ పలకలు కడిగాం, తుంపర బయటికి పోకుండా ఆపే డ్రిఫ్ట్ ఎలిమినేటర్లలో విరిగినవి మార్చాం, క్రిములని చంపే బయోసైడ్ వేశాం. బేసిన్ కడిగే కుర్రాడు మాస్కు వద్దంటే ఒప్పుకోలేదు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వెళ్లినవాళ్లలో న్యుమోనియా లాంటి జబ్బు వ్యాపించి కొందరు చనిపోయాకే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా సంగతి లోకానికి తెలిసింది. గోరువెచ్చని నీళ్లు, పాచి, సన్నని తుంపర దానికి అనువైన చోటు. మన టవరు బేసిన్లో ఆ మూడూ ఉంటాయి.

ఏహెచ్‌యూల్లో ఒక చిన్న విషయం ఎవరూ పట్టించుకోరు. డ్రెయిన్ పైపుకి ఉండే యూ-ట్రాప్, అంటే నీరు నిలిచి గాలిని అడ్డుకునే వంపు. చలికాలమంతా కాయిల్ మీద నీరు పెద్దగా పడదు, ట్రాప్‌లో నీరు ఎండిపోతుంది. ఫ్యాన్ లాగే వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి ఎండిన ట్రాప్ గుండా గాలి లోపలికి తన్నుకొస్తుంది. వేసవిలో నీరు పడటం మొదలయ్యాక ఆ గాలి దాన్ని కిందికి దిగనివ్వదు. ట్రే నిండి, పొంగి, సీలింగ్ మీదికి. ఫిబ్రవరిలో ఒక్కో ట్రాప్‌లో మగ్గు నీళ్లు పోస్తే సరిపోయే పని. అంతకుముందు ఏడాది దానికి మూడు జిప్సం పలకలు పోయాయి.

మేడ మీద బ్యాంకు సర్వర్ రూముకి విడిగా రెండు స్ప్లిట్ అవుట్‌డోర్ యూనిట్లు ఉన్నాయి, రెండూ సముద్రం వైపు మొహం పెట్టి. అల్యూమినియం ఫిన్నులు వేలితో ముట్టుకుంటే పొడి పొడిగా రాలుతున్నాయి. రాగి, అల్యూమినియం ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీ లాంటిది, అల్యూమినియం తినేయబడుతుంది. పూత వేసిన కాయిళ్లతో కొత్త యూనిట్లు పెట్టించి, మెట్ల గది గోడ చాటుకి జరిపాం. పదిహేను రోజులకోసారి మామూలు ట్యాప్ పైపుతో మంచినీళ్లు కొట్టమని చెప్పాం. ప్రెషర్ వాషర్ ముట్టుకోవద్దన్నాం, ఫిన్నులు వంగిపోతాయి.

హీటింగ్ సంగతి. వైజాగ్‌లో హీటరెందుకని నన్ను చాలామంది అడిగారు. లంబసింగిలో గెస్ట్‌హౌస్ అయితే ఎవరూ అడగరు. ఈ భవనంలో ల్యాబ్ ఏహెచ్‌యూకి డక్ట్ హీటర్ ఉంది, దాని అవసరం పడేది వానాకాలంలో. ముసురు పట్టినప్పుడు బయట 26 డిగ్రీలే ఉంటుంది, గది త్వరగా చల్లబడుతుంది, థర్మోస్టాట్ చిల్డ్ వాటర్ వాల్వుని మూసేస్తుంది. వాల్వు మూసుకుంటే కాయిల్ నీటిని పిండదు. చల్లగా, చెమ్మగా ఉన్న గదిలో ల్యాబ్ రీడింగులు నమ్మడం కష్టం, గోడల మూలల్లో బూజు. అందుకని కాయిల్‌ని చల్లగా నడిపించి తేమ తీసి, తర్వాత ఆ గాలిని హీటరుతో కొంచెం వెచ్చబెట్టి వదులుతారు. కరెంటు రెండుసార్లు ఖర్చు, నిజమే. ల్యాబ్ వరకే కాబట్టి భరిస్తున్నాం, మిగతా అంతస్తులకి అడిగితే ఒప్పుకోను. మే ఆఖరులోనే, నైరుతి రాకముందే, హీటరు విప్పి ఎలిమెంట్ల మీద దుమ్ము తుడిచి, ఎయిర్ ఫ్లో స్విచ్, ఓవర్ హీట్ కటౌట్ రెండూ నిజంగా ఆపుతున్నాయో లేదో ఫ్యాన్ ఆపి చూశాం. ఎయిర్ ఫ్లో స్విచ్‌కి ఎవరో ఎప్పుడో వైరుతో బైపాస్ కట్టి ఉంచారు. గాలి లేకుండా హీటరు వెలిగితే ఆ తర్వాత అంతా నిప్పే. ఆ వైరు ముక్కని ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంచుకున్నాను.

తుపాను సీజన్‌కి వేరే పేజీ పెట్టాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నేను సిరిపురంలో వేరే భవనం చూస్తుండేవాడిని. టవరు పైన ఫ్యాన్ చుట్టూ ఉండే ఫైబరు కౌల్ ఊడి పక్క మేడ మీద పడింది, ఫ్యాన్ గాలికి వెనక్కి తిరిగి తిరిగి గేర్‌బాక్స్ పగిలింది. కరెంటు రోజుల తరబడి లేదు, వచ్చాక తడిసిన ప్యానెల్ ఆన్ చేసి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ కాల్చుకున్నాం. ఇప్పుడు సెప్టెంబరు ఆఖరుకల్లా టవరు బోల్టులు, గై వైర్లు బిగిస్తాం. హెచ్చరిక రాగానే ఫ్యాన్ బ్లేడుని తాడుతో కట్టి, బ్రేకర్ దించి, బేసిన్ నిండా నీళ్లు ఉంచుతాం. బరువుంటే టవరు కదలదు. తిరిగి ఆన్ చేసే ముందు వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చెప్పే మెగ్గర్ రీడింగ్ లాగ్‌బుక్‌లో ఉండాలి. ఓనరు గారు నిలబడి తొందరపెట్టినా సరే.

2024 మేలో రెండు చిల్లర్లూ ట్రిప్ కాలేదు. తేమ 54, 57 మధ్య ఉంది. నెల కరెంటు యూనిట్లు అంతకుముందు మే కన్నా పదకొండు శాతం తగ్గాయి. ఇదంతా మా ఘనతే అనను, ఆ రెండు మేల వాతావరణం ఒకటి కాదు. అద్దెదారులు మాత్రం మారలేదు. మూడో చిల్లర్ ప్రస్తావన మళ్లీ రాలేదు.

ప్లాంట్ రూములో తెల్లబోర్డు పెట్టించాను. దాని మీద ఏ మార్పు రాసినా పక్కన “తిప్పే తేదీ” అని ఒక గడి ఉంటుంది. మొన్న డిసెంబరులో సెట్‌పాయింట్ 9 అని రాసి నేను మెట్లెక్కబోతుంటే ఆపరేటరు మార్కరు పట్టుకుని వెనకాలే వచ్చాడు. “తేదీ సార్.” ఫిబ్రవరి 10 అని రాయించుకుని ఫోన్లో అలారం కూడా పెట్టుకున్నాడు.

మిగిలిపోయింది మూడో అంతస్తు కాయిల్. ఫిన్నులు సగం పోయాయి, ఎంత కడిగినా గాలి సరిగ్గా దాటట్లేదు, ఆ అంతస్తులో తేమ మిగతావాటి కంటే ఎప్పుడూ నాలుగు శాతం ఎక్కువే. మార్చాల్సిందే. క్వొటేషన్ ఇచ్చి మూడు నెలలయింది. పండగ వెళ్లాక చూద్దామన్నారు ఓనరు గారు, ఏ పండగో చెప్పలేదు.